తలుపు బయట మిగిలిందెవరు?

శని, ఆదివారాలు సెలవు దొరికినప్పుడు నలుగురు మిత్రులు కలిసి ఒక పెద్ద పట్నం చూడబోవడం మంచి పనేనా? లేక విలువైన కాలాన్ని వృథా చేసుకోవడమా? ధర్మచింతన కలిగిన వారిలో కొందరు విహారాలనగానే ముఖం చిట్లిస్తారు. మరికొందరు "నాలుగు నాళ్ళ జీవితం, కులాసాగా గడిపేద్దాం" అంటారు. ఈ రెండూ సరైన మాటలు కావు. భూమి మీద సంచరించి, మనకు ముందు గడిచిపోయిన వారి పర్యవసానం ఏమైందో కళ్ళారా చూడమని దివ్య ఖుర్‌ఆన్ పదే పదే చెబుతున్నది. కనుక చూడటంలో దోషం లేదు. ఏ దృష్టితో చూస్తున్నామన్నదే అసలు విషయం.

ఆ మధ్య రెండు రోజులు హైదరాబాదులో మిత్రులతో గడిపాను. వెళ్ళేటప్పుడు నా మనసులో ఏ ప్రశ్నా లేదు. వచ్చేటప్పుడు మాత్రం ఒక ప్రశ్న నా వెంట వచ్చింది. అది నన్నింకా వదలలేదు. దానిని పాఠకుల ముందు ఉంచుతున్నాను.

నాలుగు ఊళ్ళ మిత్రులు

మేము నలుగురం. డిగ్రీలో ఒకే గదిలో ఉండి చదువుకున్నాము. ఇప్పుడు నలుగురమూ నాలుగు ఊళ్ళలో ఉన్నాము. నాది గుంటూరు. కడప మిత్రుడు కళాశాలలో తెలుగు బోధిస్తాడు. హైదరాబాదు మిత్రుడు ఇంజనీరు. మాకు ఆతిథ్యమిచ్చింది అతనే. నాలుగోవాడు నెల్లూరులో వ్యాపారం చేస్తాడు. అతను మూడేళ్ళుగా ఇల్లు కడుతున్నాడు. రెండంతస్తులు లేచాయి. మూడో అంతస్తు స్లాబు వేయబోతున్నాడు. రైలు దిగింది మొదలు ఫోనులో ఆ ఇంటి ఫొటోలే చూపిస్తూ ఉన్నాడు. ఇది హాలు, ఇది మెట్ల కింద దీపాల అలంకరణ, ఇది రాజస్థాన్ నుంచి తెప్పించిన రాయి.

"ఇది అమ్మ గది. కింది అంతస్తులోనే పెట్టాను, మెట్లు ఎక్కలేదు కదా!" అన్నాడు. గది విశాలంగా ఉంది. తలుపులింకా బిగించలేదు.

"అమ్మ ఎలా ఉన్నారు?" అని అడిగాను.

"ఊళ్ళో పాత ఇంట్లోనే ఉంది. ఇల్లు పూర్తయ్యాక తీసుకొస్తాను" అన్నాడు. అప్పుడు ఆ మాటను నేనూ పెద్దగా పట్టించుకోలేదు.

సమాధుల తోటలో

శనివారం ఉదయం గోల్కొండ దగ్గరి కుతుబ్‌షాహీ సమాధులకు వెళ్ళాము. నేను చిన్నప్పుడు చూసినప్పుడు అక్కడ గచ్చు పెచ్చులూడి, గోడల మీద పిచ్చి మొక్కలు మొలిచి ఉండేవి. 2013లో మొదలైన పునరుద్ధరణ 2024లో ముగిసింది. ఇప్పుడు గుమ్మటాలు శుభ్రంగా ఉన్నాయి, బావులు బాగుపడ్డాయి, చుట్టూ చెట్లు పెరిగాయి. హైదరాబాదు నగరాన్ని నిర్మించిన ముహమ్మద్ ఖులీ కుతుబ్‌షా సమాధి అన్నిటికన్నా ఘనమైనది. ఎత్తు సుమారు 42 మీటర్లు. దాని కింద నిలబడి తలెత్తి చూస్తే మెడ నొప్పి పుడుతుంది.

ఆ ఆవరణలోనే ఒక స్నానశాల ఉంది. మరణించిన రాజులకు చివరి స్నానం చేయించింది అక్కడే. గోల్కొండ వజ్రాలతో అలంకరించుకున్న శరీరాలను కూడా ఆ రాతి అరుగు మీద మరొకరి చేతులే కడిగాయి. నలుగురమూ అక్కడ కాసేపు మౌనంగా నిలబడ్డాము.

ఈ వంశపు రాజులు చాలామంది బ్రతికి ఉండగానే తమ సమాధిని తామే కట్టించుకున్నారు. కానీ ఎనిమిదోవాడు, ఆఖరివాడు అయిన అబుల్ హసన్ తానాషా సమాధి మాత్రం ఇక్కడ లేదు. 1687లో ఔరంగజేబు సైన్యం గోల్కొండను గెలిచింది. తానాషాను దౌలతాబాదు కోటలో బంధించారు. అక్కడే మరణించాడు. అతని సమాధి అక్కడికి దగ్గరలోని ఖుల్దాబాదులో ఉన్నది. తాతల తోటలో ఇంత చోటుండి కూడా అతనికి ఆరడుగుల నేల దక్కలేదు.

"అందరికీ చోటిచ్చిన తోట, చివరివాడిని బయటనే ఉంచేసింది" అన్నాడు కడప మిత్రుడు. తెలుగు పంతులు కదా, మాట నాటుకునేలా చెబుతాడు. ఆ మాటలోని 'బయట' అన్న పదం నా మనసులో ఉండిపోయింది.

పూర్తయ్యేది చూడకుండా వేసిన పునాది

సాయంత్రం చార్మినార్ చేరుకున్నాము. హిజ్రీ శకం వెయ్యో ఏట, అంటే 1591లో, రాయితో, డంగు సున్నంతో కట్టిన కట్టడమిది. నాలుగు కమానులు నాలుగు వీధులకేసి చూస్తూ ఉంటాయి. ఒక నగరానికి నడిమధ్యన రాజు తన నివాసాన్ని కాక, నాలుగు దిక్కులకూ తెరిచి ఉన్న కమానులను నిలబెట్టాడు. పై అంతస్తులో మసీదు కట్టించాడు. నాలుగు వందల ఏళ్ళ తరువాత గాజులు అమ్ముకునేవాడికీ, ఇరానీ చాయ్ తాగడానికి వచ్చినవాడికీ అది తమదే అనిపిస్తుందంటే కారణం ఇదేనేమో!

పక్కనే మక్కా మసీదు. దీని కథలో మనం నేర్చుకోవలసింది చాలా ఉన్నది. 1617లో ముహమ్మద్ కుతుబ్‌షా దీనికి పునాది వేయించాడు. 1626లోనే ఆయన కన్నుమూశాడు. ఆ తరువాత ఇద్దరు రాజులు గడిచారు, రాజ్యమే పోయింది. చివరకు ఆ రాజ్యాన్ని జయించిన ఔరంగజేబు కాలంలో, 1694లో ఈ మసీదు పూర్తయింది. అంటే 77 సంవత్సరాలు! పునాది వేసినవాడు మీనార్లను చూడలేదు. పూర్తి చేసినవాడు పునాది వేసినవాడి శత్రుపక్షంవాడు. అయినా లోపల వరుసలో నిలబడి నమాజు చేసేవాడికి ఈ ఇద్దరిలో ఎవరి గొడవా గుర్తుకు రాదు.

మేము మగ్రిబ్ నమాజు చేస్తున్నంతసేపూ కడప మిత్రుడు బయటి ఆవరణలో పావురాలను చూస్తూ కూర్చున్నాడు. అతను హిందువు. "నన్నెవ్వరూ నువ్వెవరివి అని అడగలేదురా. ఒక ముసలాయన పక్కకు జరిగి చోటిచ్చాడు, అంతే" అన్నాడు మేము రాగానే. ఆ ఆవరణలోనే ఒక పక్క అసఫ్‌జాహీ వంశపు నవాబుల సమాధులు కూడా ఉన్నాయి. రాజులూ, బాటసారులూ అందరికీ అక్కడ చోటుంది.

నాకు మదీనాలో దైవప్రవక్త (స) నిర్మించిన మసీదు జ్ఞాపకం వచ్చింది. పచ్చి ఇటుకల గోడలు, ఖర్జూరపు మొద్దుల స్తంభాలు, మట్టల కప్పు. వాన వస్తే కారేది. కానీ అందులో ఒక పక్క 'సుఫ్ఫా' అనే చావడి ఉండేది. ఇల్లూ వాకిలీ లేని సహచరులు అక్కడే తలదాచుకునేవారు, అక్కడే విద్య నేర్చుకునేవారు. లోకంలో అంతకన్నా నిరాడంబరమైన కట్టడం ఉండకపోవచ్చు. కానీ దాని తలుపు బయట మిగిలిపోయిన నిరుపేద ఎవరూ లేరు.

రాత్రి జరిగిన వాదన

ఆ రాత్రి హైదరాబాదు మిత్రుడి ఇంటి డాబా మీద చాపలు వేసుకుని కూర్చున్నాము. మాటల్లో నేను ఇలా అన్నాను: "ఏ కట్టడాన్ని చూసినా ఎంత ఎత్తు, ఎంత ఖర్చు అని అడగడం మానేయాలి. దీని తలుపు బయట ఎవరు మిగిలిపోయారని అడగాలి. అదొక్కటే సరైన కొలత."

ఇంజనీరు ఒప్పుకోలేదు. "అలా అయితే అందం మాటేమిటి? చార్మినార్ మీది గచ్చుపనివల్ల ఎవరి ఆకలి తీరింది? అయినా అది లేకపోతే ఈ ఊరు ఊరేనా? ప్రయోజనం ఒక్కటే కొలతైతే లోకమంతా గోదాములే మిగులుతాయి!" అన్నాడు.

కడప మిత్రుడు మరో అడుగు ముందుకు వేశాడు. "గొప్పవాడు గొప్ప కోసమే కట్టాడనుకో. రాళ్ళు మోసినవాడికి కూలి దొరికింది, శిల్పికి విద్య నిలబడింది. కట్టినవాడి ఉద్దేశంతో మనకేం పని?"

రెండూ తేలికగా కొట్టిపారేసే మాటలు కావు. వీటికి సమాధానం నాకు ఒక హదీసులో దొరికింది. మనిషి మంచి బట్టలు, మంచి చెప్పులు ఇష్టపడటం కూడా అహంకారమేనా అని దైవప్రవక్త (స)ను ఒకరు అడిగారు. దేవుడు సౌందర్యవంతుడనీ, సౌందర్యాన్ని ఇష్టపడతాడనీ ఆయన బోధించారు. సత్యాన్ని తోసిపుచ్చడం, తోటి మనుషులను చులకనగా చూడటం మాత్రమే అహంకారమని వివరించారు. చూశారా! అందాన్ని నిందించలేదు, మంచి వస్తువును నిషేధించలేదు. దోషం రాతిలోనూ రంగులోనూ లేదు. తోటి మనిషి వైపు మనం చూసే చూపులో ఉన్నది.

కనుక ఇంజనీరు మాట నిజమే. అందమైన కట్టడం కట్టడం తప్పు కాదు. చార్మినార్ అందం దారిన పోయే ప్రతివాడికీ దక్కుతుంది. దాన్ని చూడటానికి ఎవరూ ఎవరి ముందూ తలవంచనక్కర్లేదు. అందం కూడా పంచిపెట్టదగిన ఆహారం లాంటిదే. ఇతరులను చిన్నబుచ్చడానికి కట్టినప్పుడే అది విషమవుతుంది.

కడప మిత్రుడి మాట మాత్రం సగమే నిజం. కూలి దొరికితే కూలివాడికి మేలు జరిగినట్టే. కానీ దానివల్ల కట్టించినవాడి లెక్క సరిపోదు. తీర్పు దినాన 'నీ డబ్బు ఎవరికి చేరింది' అన్నది ఒక ప్రశ్న అయితే, 'నీవు ఎందుకు కట్టావు, ఎవరి హక్కును పక్కనబెట్టి కట్టావు' అన్నది మరో ప్రశ్న. ఒకదానికి జవాబిచ్చి రెండోదాన్ని తప్పించుకోలేము.

ఈ వాదన జరుగుతున్నంతసేపూ నెల్లూరు మిత్రుడు ఒక్క మాటా మాట్లాడలేదు.

ఆకాశానికి అద్దం

ఆదివారం ఉదయం ఫలక్‌నుమా వైపు వెళ్ళాము. కొండ మీది ఆ భవనం ఇప్పుడు పెద్ద హోటలు. మేము దూరం నుంచే చూశాము. ఫలక్‌నుమా అంటే ఆకాశానికి అద్దం. హైదరాబాదు ప్రధానమంత్రి పదవి నిర్వహించిన పాయెగా ప్రభువు వికారుల్ ఉమ్రా 1884లో దీనిని మొదలుపెట్టాడు. ఇటలీ నుంచి పాలరాయి వచ్చింది. 101 మంది కూర్చుని భోజనం చేసే బల్ల చేయించాడు. దాదాపు పదేళ్ళు పట్టింది. అప్పులు పెరిగిపోయాయి. చివరకు ఆ భవనం ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ చేతికి వెళ్ళింది. 101 మందికి బల్ల వేసినవాడు తానే ఆ ఇంటి బయటకు వచ్చేశాడు!

ఇంజనీరు ఈ కథ చెబుతుండగా నెల్లూరు మిత్రుడి ముఖం వాడిపోయింది. కాసేపటికి తనే నోరు విప్పాడు. "నాకూ అప్పుందిరా. మూడో అంతస్తు అవసరం లేదని నాకు తెలుసు. ఎదురింటివాడు మూడు వేశాడని మొదలుపెట్టాను. అమ్మకు డెబ్బై ఎనిమిదేళ్ళు. ప్రతి పండగకూ 'ఇల్లు అయిందా నాయనా' అని అడుగుతుంది. ఇంకో ఆరు నెలలు అంటాను. మూడేళ్ళుగా అదే జవాబు చెబుతున్నాను."

ఎవ్వరమూ మాట్లాడలేదు. ముందు రోజు రాత్రి నేను చేసిన ఉపన్యాసం నాకే బరువనిపించింది. ఎదుటివాడి గాయం ఎక్కడుందో తెలియకుండా నీతి చెప్పేవాడు చీకట్లో రాయి విసిరినట్టే కదా!

కానీ ఒక సంగతి మాత్రం అప్పుడు స్పష్టంగా అర్థమైంది. మక్కా మసీదు పునాది వేసినవాడు దాన్ని పూర్తిగా చూడకపోయినా నష్టం లేదు. తరువాతి తరాల కోసం చేసే పని తరువాతి తరాల చేతుల్లో పూర్తయితే చాలు. ఆ పనికి 77 ఏళ్ళు పట్టినా ఆలస్యం కాదు. కానీ కొన్ని బాధ్యతలున్నాయి, వాటికి గడువు ఉంటుంది. తల్లికి సేవ, ఆకలిగొన్నవాడికి అన్నం, నొచ్చుకున్నవాడికి క్షమాపణ. ఇవి మన కట్టడం పూర్తయ్యేదాకా ఆగవు. గది సిద్ధమయ్యేసరికి అందులో ఉండవలసిన మనిషే లేకపోతే, అది గది కాదు, శాశ్వతమైన పశ్చాత్తాపం.

చింతచెట్టు నేర్పిన పాఠం

మధ్యాహ్నం మూసీ ఒడ్డుకు వచ్చాము. దారిలో దారుల్‌షిఫా చూశాము. 1595లో ముహమ్మద్ ఖులీ కట్టించిన వైద్యశాల అది. రోగులకు వైద్యం, విద్యార్థులకు వైద్యశాస్త్ర బోధన అక్కడే జరిగేవి. చార్మినార్ కట్టిన నాలుగేళ్ళకే కట్టిన ఈ భవనాన్ని చూడటానికి ఎంతమంది వస్తున్నారు? ఫొటో తీసుకోవడానికి వచ్చినవాళ్ళం మేము నలుగురమే!

ఆ తరువాత ఉస్మానియా ఆసుపత్రి ఆవరణకు వెళ్ళాము. విన్సెంట్ ఎష్ రూపకల్పన చేసిన ఈ భవనం 1925లో పూర్తయింది. గుమ్మటాలతో రాజప్రాసాదంలా కనిపిస్తుంది, కానీ తెరిచింది పేదవాడి కోసం. దాదాపు వందేళ్ళు రోగులకు నీడనిచ్చి, శిథిలావస్థకు చేరడంతో 2020 జూలైలో పాత భవనాన్ని ఖాళీ చేశారు. కొత్త ఆసుపత్రికి 2025 జనవరిలో గోషామహల్‌లో శంకుస్థాపన జరిగింది.

కానీ మేము వెళ్ళింది భవనం కోసం కాదు, అక్కడి చింతచెట్టు కోసం. 1908 సెప్టెంబరు 28న మూసీకి మహా వరద వచ్చింది. ఇళ్ళు కూలాయి, వంతెనలు కొట్టుకుపోయాయి. సుమారు 15 వేల మంది ప్రాణాలు కోల్పోయారని అంచనా. ఆ రోజు ఈ చెట్టు కొమ్మలెక్కి దాదాపు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. దానికి పునాది లేదు, గుమ్మటం లేదు, తలుపు అసలే లేదు. నీ మతమేది, నీ హోదా ఏమిటి అని అడగలేదు. ఎక్కినవాడినల్లా మోసింది.

ఆ వరద తరువాతే మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో ఎగువన ఉస్మాన్‌సాగర్ (1920), హిమాయత్‌సాగర్ (1927) జలాశయాలు కట్టారు. పట్నాన్ని వరద నుంచి కాపాడటానికీ, దాహం తీర్చడానికీ కట్టినవి అవి. వాటి నీళ్ళు తాగినవారిలో ఎందరికి కట్టించినవారి పేర్లు తెలుసు? మేలు చేసే కట్టడానికి పేరు అక్కర్లేదు.

ఆ చెట్టు కింద నిలబడి నెల్లూరు మిత్రుడు ఫోను తీశాడు. ఫొటో తీస్తాడనుకున్నాము. ఊళ్ళో అమ్మకు ఫోను చేశాడు. "అమ్మా, తిన్నావా?" అన్నాడు. ఆ తరువాత పక్కకు వెళ్ళి మాట్లాడాడు. మేము వినలేదు.

మన ఇంటి తలుపు

ప్రియ పాఠకులారా! స్నేహమంటే కలిసి తిరగడం, కలిసి తినడం మాత్రమే కాదు. మిత్రుడి ముందు మన లోపల దాచుకున్న గదిని తెరవగలగాలి. మిత్రుడు తెరిచినప్పుడు దానిలోకి చెప్పులతో దూసుకుపోకుండా వాకిట్లో నిలబడగలగాలి. ఆ రెండు రోజుల్లో మేము చూసిన కట్టడాలన్నిటికన్నా విలువైనది మాకు ఆ ఉదయం కొండ కింద దొరికింది.

పది రోజుల తరువాత నెల్లూరు నుంచి ఫోను వచ్చింది. "స్లాబు పని ఆపేశాను. కింది గదికి తలుపులు బిగించాను. ఇంకా రంగు వేయలేదు, నేల మీద సిమెంటు మరకలున్నాయి. అమ్మ వచ్చేసింది. 'ఇల్లు బాగుంది నాయనా' అంది" అన్నాడు. అప్పు ఇంకా తీరలేదు. దానికి సమయం పడుతుంది.

ఇక నా సంగతి చెప్పకుండా ముగిస్తే అది నిజాయితీ అనిపించుకోదు. మా ఇంటికీ, మా అన్నయ్య ఇంటికీ మధ్య ఒక ప్రహరీ గోడ ఉన్నది. ఆరేళ్ళ క్రితం మూడడుగుల స్థలం దగ్గర మాట పెరిగి, ఆ గోడను నేనే కట్టించాను. అంతకుముందు అక్కడ ఒక చిన్న వాకిలి ఉండేది. వదిన అందులోంచే కూర గిన్నె అందించేది. హైదరాబాదులో ప్రతి కట్టడం ముందూ 'దీని తలుపు బయట మిగిలిందెవరు' అని అడిగిన నేను, నా గోడ ముందు ఆ ప్రశ్న ఏనాడూ అడగలేదు. ఆ గోడ బయట మా అన్నయ్య మిగిలాడని ఇన్నాళ్ళూ అనుకున్నాను. అక్కడ మిగిలింది నేనే.

ఈ వ్యాసం మీ చేతికి వచ్చేలోగా ఆయన గుమ్మం ఎక్కి సలాం చెప్పాలని నిశ్చయించుకున్నాను. ఆయన తలుపు తీస్తారో లేదో నా చేతుల్లో లేదు. తట్టడం మాత్రం నా చేతుల్లోనే ఉంది.

మీరూ సెలవు దొరికితే పట్నం చూడండి. మిత్రులతో వెళ్ళండి. గుమ్మటాల అందం చూసి సంతోషించండి, కట్టిన చేతులను మెచ్చుకోండి. తిరిగి ఇంటికి చేరాక మీ గుమ్మం దగ్గర ఒక్క నిమిషం ఆగి, లోపలికి రావలసిన వారెవరైనా బయటనే ఉండిపోయారేమో చూడండి. ఉంటే, రేపటిదాకా ఆగకండి. కరుణామయుడైన ప్రభువు మన ఇళ్ళనూ, మనసులనూ విశాలం చేయుగాక! ఆమీన్.